పేరు పెట్టడం, కారణం చెప్పడం: ప్రకృతి దృగ్విషయాలపై జనరంజక విజ్ఞాన రచన - ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:

ఆకాశపు నీలిరంగు, ఎండమావి, ఇంద్రధనుస్సు, మంచుబిందువు, వరదగుడి వంటి నిత్యదృశ్యాలకు భౌతికశాస్త్ర కారణాలను సామాన్య పాఠకునికి చెప్పే రచన తెలుగులో విస్తారంగా వస్తున్నది. అయితే సాహిత్య విమర్శ దీనిని "సులభశైలి" అనే ఒక్క మాటతో మెచ్చుకొని వదిలివేస్తున్నది. ఆ రచన నిజంగా వివరిస్తున్నదా, లేక శాస్త్రీయమైన పేరు ఒకటి చేతికిచ్చి వివరించినట్లు భ్రమ కల్పిస్తున్నదా అన్న ప్రశ్నను ఈ వ్యాసం ముందుకు తెస్తుంది. న్యాయశాస్త్రం చెప్పిన ఉద్దేశ, లక్షణ, పరీక్షల క్రమాన్ని ప్రమాణంగా తీసుకొని, తరచుగా ఎదురయ్యే కొన్ని వివరణ నమూనాల బలాబలాలను పరిశీలించి, ఈ ప్రక్రియను విమర్శించడానికి ఉపకరించే కొన్ని ప్రశ్నలను ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జనరంజక విజ్ఞానం, వివరణ, పరిభాష, ఉపమానం, ప్రకృతి దృగ్విషయాలు, సి.వి. రామన్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్ర విషయాలను సామాన్య పాఠకుల కోసం రాసే సంప్రదాయానికి నూరేళ్ళు దాటాయి. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతో పాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తెలుగులోకి తేవడానికి పూనుకొన్నది. తరువాతి తరాలలో వసంతరావు వేంకటరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు వంటి వారు ఈ మార్గాన్ని విస్తరింపజేశారు. వీరిలో నళినీమోహన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలోను, రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలోను పనిచేసిన శాస్త్రజ్ఞులు. విషయాన్ని లోపలినుంచి ఎరిగినవారే తెలుగులో రాయడం ఈ సంప్రదాయానికి దక్కిన భాగ్యం.

ఇంత కృషి జరిగినా, మన సాహిత్య చరిత్రలలో ఈ వాఙ్మయానికి లభించే స్థానం చాలా తక్కువ. లభించినచోట కూడా గ్రంథాల పట్టిక, దానివెంట "క్లిష్టమైన విషయాన్ని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు చెప్పారు" అనే మెచ్చుకోలు తప్ప విశ్లేషణ కనిపించదు. కవిత్వంలో ఒక ఉపమ ఔచిత్యాన్ని గురించి పుటలకొద్దీ చర్చించే విమర్శ, శాస్త్ర వచనంలో ఒక ఉపమానం పాఠకుని ఎక్కడికి తీసుకువెళ్ళిందో అడగదు. నిజానికి ఇక్కడ ఉపమానం తప్పితే జరిగే నష్టం కవిత్వంలో కన్నా ఎక్కువ. కవి చెప్పిన పోలికను పాఠకుడు పోలికగానే తీసుకొంటాడు. శాస్త్ర రచయిత చెప్పిన పోలికను వాస్తవంగా తీసుకొని, దానినే తరగతిలో మరొకరికి చెబుతాడు.

ఒక గ్రంథాన్నో రచయితనో తప్పుపట్టడం ఈ వ్యాస ఉద్దేశ్యం కాదు. పాఠ్యపుస్తకాలు, పత్రికా శీర్షికలు, పిల్లల పుస్తకాలు మొదలైన వాటిలో మళ్ళీమళ్ళీ ఎదురయ్యే వివరణ నమూనాలే ఇక్కడ పరిశీలనాంశం.

2. ఉద్దేశం, లక్షణం, పరీక్ష:

శాస్త్రం ప్రవర్తించే తీరు మూడు విధాలని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు చెప్పాడు. వస్తువును పేరుతో పేర్కొనడం ఉద్దేశం. దానిని ఇతర వస్తువులనుంచి వేరుచేసే ధర్మాన్ని చెప్పడం లక్షణం. ఆ లక్షణం ఆ వస్తువుకు నిజంగా పొసగుతుందా లేదా అని ప్రమాణాలతో విచారించడం పరీక్ష. పేరుతో మొదలై విచారణతో ముగిసే ఈ క్రమం తర్కశాస్త్రానికి సంబంధించినదే అయినా, వివరణాత్మక వచనాన్ని కొలవడానికి కూడా అనుకూలమైన సాధనం.

ప్రకృతి దృగ్విషయాలపై వచ్చే రచనల్లో ఎక్కువ భాగం ఉద్దేశం దగ్గరే ఆగిపోతున్నాయి. ఆకాశం నీలంగా ఎందుకుంది? కాంతి పరిక్షేపణం వల్ల. ఎండమావి ఎందుకు కనిపిస్తుంది? సంపూర్ణాంతర పరావర్తనం వల్ల. ప్రశ్న, పేరు, పూర్ణవిరామం.

తెలుగు శాస్త్ర పరిభాష స్వభావం ఈ ప్రమాదాన్ని పెంచుతున్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ స్థిరపరచి ప్రచారంలోకి తెచ్చిన పారిభాషిక పదాల్లో అధిక భాగం సంస్కృత సమాసాలు, ధాతునిష్పన్నాలు. వాటి అవయవార్థం పారదర్శకం. పరిక్షేపణం అంటే చుట్టూ విసరివేయడం. వక్రీభవనం అంటే వంకరగా మారడం. ఈ పారదర్శకత పరిభాషకు గుణమే. పదం వినగానే విషయం కొంత స్ఫురిస్తుంది. కానీ అదే గుణం వివరణలో దోషంగా పరిణమించగలదు. "కిరణం ఎందుకు వంగింది?" అన్న ప్రశ్నకు "వక్రీభవనం వల్ల" అన్న సమాధానాన్ని విప్పి చూస్తే "వంగడం వల్ల వంగింది" అని తేలుతుంది. అడిగినదాన్నే సంస్కృతంలో తిరిగి చెప్పడం తప్ప అందులో కారణం లేదు. అయినా సమాసపు గాంభీర్యం వల్ల అది కారణంలా వినిపిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి పదాన్ని కంఠస్థం చేసి, విషయం అర్థమైందని నమ్మడానికి ఇది ఒక ముఖ్య హేతువు. కనుక పరిభాషను తిరస్కరించడమో, ఆంగ్ల పదాలను యథాతథంగా వాడడమో దీనికి పరిష్కారం కాదు. పేరును వివరణకు ఆరంభంగా వాడామా, అంతంగా వాడామా అన్నదే ప్రశ్న.

3. ఆకాశనీలిమ - పేరు చాలని చోటు:

ఆకాశం విషయాన్నే తీసుకొందాం. "గాలిలోని కణాలు సూర్యకాంతిని పరిక్షేపణం చెందిస్తాయి, అందువల్ల ఆకాశం నీలంగా ఉంటుంది" అన్న వాక్యం అబద్ధం కాదు. అయితే ఒక ప్రశ్న వేస్తే చాలు, అది నిలబడదు. మేఘం కూడా కాంతిని పరిక్షేపణం చెందిస్తుంది. మరి మేఘం తెల్లగా ఎందుకుంది? ఒకే పేరు నీలానికీ తెలుపుకూ సమానంగా వర్తించినప్పుడు, ఆ పేరు వాటిలో దేనికీ కారణం కాజాలదు. న్యాయ పరిభాషలో ఇది అతివ్యాప్తి దోషం.

కారణం కణాల పరిమాణంలో ఉంది. కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే గాలి అణువులు అత్యంత సూక్ష్మమైనవి. అంత చిన్న కణాలు కాంతిని చెదరగొట్టే తీవ్రత తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని లార్డ్ రేలీ 1871లో చూపాడు. 450 నానోమీటర్ల నీలి కాంతిని 650 నానోమీటర్ల ఎర్ర కాంతితో పోల్చి లెక్కవేస్తే, నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. మేఘంలోని నీటి బిందువులు తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి కనుక మేఘం తెల్లగా కనబడుతుంది. ఇప్పుడు పేరుకు లక్షణం చేరింది.

ఇక పరీక్ష. ధూళి వల్లనే ఆకాశం నీలంగా కనిపిస్తుందని చెప్పే రచనలు ఇంకా ఉన్నాయి. 19వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు కూడా గాలిలో తేలే సూక్ష్మ రజమే కారణమని భావించారు. ఆ పని చేయడానికి ధూళి అవసరం లేదని, గాలి అణువులే చాలునని 1899 నాటి రచనలో రేలీ నిర్ధారించాడు. ఈ భేదాన్ని తెలుసుకోవడానికి మన పాఠకునికి ప్రయోగశాల అక్కరలేదు. వైశాఖంలో దుమ్ము కమ్మిన ఆకాశం పాలిపోయి ఉంటుంది. వాన కురిసి వెలిసిన మర్నాడు గాఢనీలంగా ఉంటుంది. ధూళే కారణమైతే ఇది తలకిందులు కావాలి. ఈ ఒక్క వాక్యం చేర్చిన రచన పాఠకునికి సమాధానంతో పాటు, ఆ సమాధానాన్ని తూచే తక్కెడను కూడా ఇచ్చినట్లవుతుంది.

తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం పెరిగితే ఆకాశం ఊదారంగులో ఎందుకు లేదన్నది ఇక్కడ సహజంగా పుట్టే మరో ప్రశ్న. సూర్యకాంతిలో ఊదా భాగం తక్కువ కావడం, మానవ నేత్రం ఆ రంగుకు తక్కువగా స్పందించడం అందుకు కారణాలు. అంటే ఆకాశపు రంగు సగం గాలిలో ఉంటే సగం చూసేవారి కంటిలో ఉంది. ఈ ప్రశ్నను చాలా రచనలు తప్పించుకొంటాయి. తెలివైన విద్యార్థి అడిగే మొదటి ప్రశ్న మాత్రం అదే.

4. ఎండమావి - లెక్క చేసే పని:

ఎండమావి భారతీయ వాఙ్మయానికి చిరపరిచితం. మృగతృష్ణగా అది భ్రాంతికి పర్యాయపదమైంది. బహుశా ఈ సంప్రదాయ బలం వల్లనే, జనరంజక రచనలు కూడా ఎండమావిని "కంటి భ్రమ" అని వర్ణించి ముగిస్తాయి. ఇది సరికాదు. ఎండమావిని కెమెరా కూడా చిత్రిస్తుంది. కంటికి చేరే కాంతి నిజమైనది. ఆకాశంనుంచి వచ్చిన ఆ కాంతిని నీటినుంచి వచ్చినదిగా భావించడంలోనే పొరపాటు ఉంది. అద్వైతులు ఎండమావిని దృష్టాంతంగా వాడింది కూడా ఈ అధ్యాస కోసమే. దృశ్యాన్నీ దానిపై మనం చేసే నిర్ణయాన్నీ వేరుచేయడం శాస్త్ర వివరణకు కూడా అవసరం.

రెండో సమస్య "సంపూర్ణాంతర పరావర్తనం" అన్న పదబంధంతో వస్తుంది. గాజు, గాలి కలిసే చోట ఉన్నట్లు రోడ్డుపై వేడిగాలికీ చల్లగాలికీ మధ్య స్పష్టమైన సరిహద్దు లేదు. నేలనుంచి పైకి పోయేకొద్దీ ఉష్ణోగ్రత క్రమంగా తగ్గుతుంది, వక్రీభవన గుణకం క్రమంగా పెరుగుతుంది. కిరణం ఒకచోట తగిలి ఎగరదు. వంగుతూ వంగుతూ కిందికి వచ్చి పైకి తిరుగుతుంది. అద్దంలో ప్రతిబింబం వంటి బొమ్మ గీసి చూపితే ఈ క్రమత్వం మరుగున పడుతుంది.

ఇక్కడ చిన్న లెక్క ఎంత వెలుగునిస్తుందో చూడవచ్చు. గాలి వక్రీభవన గుణకం ఒకటి కంటే సుమారు పదివేలలో మూడు వంతులు మాత్రమే ఎక్కువ. 30 డిగ్రీల సెల్సియస్ గాలికీ, రోడ్డును అంటిన 60 డిగ్రీల గాలికీ మధ్య ఈ గుణకంలో తేడా లక్షలో రెండు మూడు వంతులు. ఇంత స్వల్పమైన తేడా కిరణాన్ని వెనక్కి తిప్పాలంటే, అది నేలకు దాదాపు సమాంతరంగా, అర డిగ్రీ కంటే తక్కువ వాలుతో రావాలి. కన్ను నేలనుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే, ఆ వాలు కుదిరేది సుమారు 200 మీటర్ల అవతలే. కనుక ఎండమావి ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. నడిచేకొద్దీ అంతే దూరం జరుగుతుంది. లేడి ఎంత పరుగెత్తినా అందదన్న కవిసమయానికి కారణం ఈ అర డిగ్రీలో ఉంది. నిలబడి చూసినవారు అక్కడే కూర్చొని చూస్తే కన్ను కిందికి దిగుతుంది, ఎండమావి దగ్గరవుతుంది. వేసవి మధ్యాహ్నం ఎవరైనా చేసి చూడదగిన పరీక్ష ఇది.

అంకెలంటే పాఠకులు బెదురుతారని జనరంజక రచయితలు వాటిని పరిహరించడం పరిపాటి. కానీ పై సందర్భంలో అంకె తీసివేస్తే "అందకపోవడం" అనే ముఖ్యాంశానికే వివరణ ఉండదు. అలంకారంగా తెచ్చిన అంకెకూ, వాదంలో పనిచేసే అంకెకూ గల భేదాన్ని విమర్శకుడు గుర్తించాలి.

5. ఇంద్రధనుస్సు - ఉపమానపు సరిహద్దు:

"ప్రతి వానచినుకూ ఒక చిన్న పట్టకం" అన్నది ఇంద్రధనుస్సుకు సర్వసాధారణమైన పోలిక. రంగులు ఎలా విడిపోయాయో చెప్పడానికి ఇది చక్కగా ఉపకరిస్తుంది. కానీ ఇంద్రధనుస్సులో పాఠకుని ఆశ్చర్యపరచేది రంగులొక్కటే కాదు, విల్లు ఆకారం కూడా. పట్టకానికి మూడు మూలల గాజుముక్క ఆకారం ఉంది. దానినుంచి వలయం ఎలా వస్తుంది? ఈ పోలిక ఆ ప్రశ్న దగ్గర మూగబోతుంది.

సమాధానం చినుకు గోళాకారంలో ఉంది. చినుకులోకి వేర్వేరు చోట్ల ప్రవేశించి, లోపల ఒకసారి పరావర్తనం చెంది వెలుపలికి వచ్చే కిరణాలు వేర్వేరు కోణాల్లో వెనక్కి మరలుతాయి. అయితే ఆ కోణం సుమారు 42 డిగ్రీలను మించదు. ఆ గరిష్ఠం దగ్గర కిరణాలు గుమికూడుతాయి. అందుచేత సూర్యునికి సరిగ్గా ఎదురు దిశనుంచి 42 డిగ్రీల దూరంలో ఉన్న చినుకులన్నీ ప్రకాశవంతంగా కనిపిస్తాయి. ఒక బిందువునుంచి సమాన కోణదూరంలో ఉన్నవన్నీ కలిస్తే వృత్తం. డెకార్ట్ 1637లో ఒక్కొక్క కిరణాన్ని లెక్కించి సాధించినది ఈ కోణాన్నే. రంగులు విడిపోవడాన్ని తరువాత న్యూటన్ వివరించాడు.

ఈ వివరణ నుంచి పర్యవసానాలు వాటంతట అవే వస్తాయి. సూర్యుడు 42 డిగ్రీల కన్నా పైకి లేస్తే నేలమీద నిలబడినవారికి ఆకాశంలో విల్లు కనబడదు. అందుకే మనం దానిని ఉదయం పడమటి దిక్కున, సాయంత్రం తూర్పు దిక్కున చూస్తాం. విల్లు లోపలి ఆకాశం వెలుపలి ఆకాశం కన్నా కొంచెం ప్రకాశవంతంగా ఉంటుంది, ఎందుకంటే 42 డిగ్రీల లోపు కోణాల్లో మరలిన కాంతి అంతా అక్కడికే చేరుతుంది. ఈ చివరి విషయం ఎన్నోసార్లు ఇంద్రధనుస్సును చూసినవారు కూడా గమనించి ఉండకపోవచ్చు. కారణం తెలిసిన తరువాత కన్ను కొత్త వివరాన్ని పట్టుకోగలగడం మంచి వివరణకు గుర్తు.

పట్టకం పోలికను విడిచిపెట్టాలని దీని అర్థం కాదు. "రంగుల వరకు ఇది పట్టకం, ఆకారానికి వస్తే గోళం" అని హద్దు చెప్పే ఒక్క వాక్యం చాలు. పూర్ణోపమలో కూడా సాధారణ ధర్మాన్ని పేర్కొనడం అలంకారశాస్త్ర నియమం. శాస్త్ర రచనలో ఆ నియమానికి రెట్టింపు విలువ ఉంది.

6. మంచు - భాష దాచిన భౌతికశాస్త్రం:

కొన్నిచోట్ల చిక్కు పరిభాషలో కాక, వాడుక భాషలోనే ఉంది. తెలుగులో మంచు అన్న మాట గడ్డకట్టిన నీటికీ, హిమపాతానికీ, పొగమంచుకూ, గడ్డిపై నిలిచే బిందువులకూ చెల్లుతుంది. పైగా "మంచు కురిసింది" అంటాం. కురవడం అన్న క్రియ వానతో పాటు మంచు కూడా పైనుంచి పడుతుందన్న భావాన్ని తెలియకుండానే స్థిరపరుస్తుంది. హిమపాతం విషయంలో అది నిజం. గడ్డిమీది బిందువుల విషయంలో కాదు.

ఈ భావం మనకే పరిమితమైనది కాదు. ఐరోపాలోనూ ఈ బిందువులు పైనుంచి రాలతాయా, నేలనుంచి లేస్తాయా అన్న వాదం చాలాకాలం సాగింది. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రచురించిన గ్రంథంలో ఉన్ని ముక్కలను రాత్రిపూట వేర్వేరు చోట్ల ఉంచి, అవి పీల్చిన తేమను తూచి, ఈ వాదాన్ని తేల్చాడు. పైభాగం తెరచి ఉన్న నిలువు గొట్టం అడుగున పెట్టిన ఉన్నికి, ఆరుబయట పెట్టిన ఉన్నికన్నా చాలా తక్కువ తేమ చేరింది. నిట్టనిలువుగా రాలేదే అయితే రెండింటికీ సమానంగా చేరాలి. ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు రాత్రివేళ తన వేడిని వికిరణం ద్వారా కోల్పోయి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, దానిని తాకిన గాలిలోని ఆవిరి నీరవుతుంది అన్నది వెల్స్ నిర్ణయం. చెట్టుకింద గడ్డి పొడిగా, బయలులో గడ్డి తడిగా ఎందుకుంటుందో, మబ్బుపట్టిన రాత్రి మంచు ఎందుకు పడదో దీనితో తేటతెల్లమవుతుంది.

ఇక్కడ మరొక ప్రసిద్ధ ఉపమానాన్ని కూడా ప్రస్తావించాలి. "వేడిగాలి స్పాంజిలా ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, చల్లబడితే పిండినట్లు నీరు కారుతుంది" అని రాయడం పరిపాటి. కానీ గాలికి తేమను పట్టి ఉంచే గుణం లేదు. గాలిని పూర్తిగా తీసివేసిన మూతపాత్రలో కొంత నీరు ఉంచినా, అదే ఉష్ణోగ్రత వద్ద దాదాపు అంతే ఆవిరి చేరుతుంది. నీటినుంచి అణువులు వెలువడే రేటు ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. వెలువడేవీ తిరిగి చేరేవీ సమానమైన చోట సంతృప్తస్థితి. స్పాంజి పోలిక ఫలితాన్ని సరిగా చెప్పి కారణాన్ని తప్పుగా చెబుతుంది. ఇటువంటి పోలికలే ఎక్కువ ప్రమాదకరం. ఫలితం సరిపోవడం వల్ల వాటిని ఎవరూ ప్రశ్నించరు.

"కురిసింది" అన్న వాడుకను మార్చాలని ఎవరూ అనరు. కానీ తెలుగులో ఈ విషయం రాసే రచయిత ఆ క్రియను తానే ముందుగా ప్రస్తావించి, భాష ఒకటి చెబుతున్నదని, ప్రకృతి మరొకటి చేస్తున్నదని చూపవచ్చు. ఆంగ్లమూలాన్ని అనుసరించి రాసిన వ్యాసంలో ఈ అవకాశం కనిపించదు, ఎందుకంటే ఈ సమస్య ఇదే రూపంలో ఆ మూలంలో లేదు.

7. వరదగుడి - అనువాదం చూడని జ్ఞానం:

చంద్రుని చుట్టూ ఏర్పడే వలయాన్ని తెలుగువారు వరదగుడి అంటారు. గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అనే అర్థంలో పల్లెల్లో సామెత ప్రచారంలో ఉంది. శాస్త్ర ప్రచారకులు ఇటువంటి వాటిని మూఢనమ్మకంగా కొట్టివేయడమో, పూర్వులకు అంతా తెలుసునని పొంగిపోవడమో చేస్తుంటారు. ఈ రెండు వైఖరులూ పరీక్షను ఎగవేస్తాయి.

పరీక్షిస్తే తేలేది ఆసక్తికరం. చంద్రుని చుట్టూ వలయాలు రెండు రకాలు. సుమారు 22 డిగ్రీల వ్యాసార్ధంతో, అంటే చేయి చాచి వేళ్ళు విప్పితే బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొస వరకు ఉండేంత దూరంలో, ఏర్పడేది మొదటిది. చాలా ఎత్తున వ్యాపించిన పలుచని మేఘాల్లోని షడ్భుజాకార మంచు స్ఫటికాలలో కాంతి వక్రీభవనం చెందడం దానికి కారణం. దాని లోపలి అంచు ఎర్రగా ఉంటుంది. చంద్రుని అంటిపెట్టుకొని కొద్ది డిగ్రీల లోపే ఏర్పడేది రెండోది. పలుచని మేఘంలోని నీటి బిందువుల వద్ద కాంతి వివర్తనం చెందడం దానికి కారణం; అందులో ఎరుపు వెలుపలి అంచున ఉంటుంది. కారణాలు వేరు, మేఘాలు వేరు, రంగుల వరుస కూడా తారుమారు. వాయుగుండాలు, తుపానులు సమీపించేటప్పుడు ఎత్తైన మంచుమేఘాలు ముందుగా విస్తరించడం కద్దు. కనుక దూరపు గుడికీ రాబోయే వానకూ సంబంధం చెప్పడంలో కొంత ఆధారం ఉంది. అది సంభావ్యతే గాని నియమం కాదు.

సామెత కారణాన్ని చెప్పలేదు. కానీ రెండు దృగ్విషయాలను వేరుచేసి చూసింది. న్యాయక్రమంలో చెప్పాలంటే లక్షణం దాకా వచ్చింది. రెండు వలయాలనూ ఒకే మాటతో సరిపెట్టే వ్యాసం, ఈ విషయంలో సామెత కన్నా వెనుకబడినట్లే.

8. సముద్రనీలిమ - రామన్ చూపిన మార్గం:

సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. ఆ సముద్రతీర బాల్యానికీ తరువాతి పరిశోధనకూ ముడివేసి కథనాలు అల్లవచ్చు గాని, విమర్శకు ఉపకరించేది 1921 నాటి ఓడ ప్రయాణం. సముద్రపు నీలిరంగు ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ అంతటివాడు అభిప్రాయపడ్డాడు. ఇంగ్లండునుంచి నార్కుండా ఓడలో తిరిగివస్తూ రామన్ దానిని పరీక్షకు పెట్టాడు. నీటి ఉపరితలంనుంచి ఒక ప్రత్యేక కోణంలో పరావర్తనం చెందిన కాంతి ధ్రువితమవుతుంది. నికోల్ పట్టకాన్ని తగినట్లు తిప్పితే ఆ కాంతిని ఆపివేయవచ్చు. ప్రతిబింబమే కారణమైతే అప్పుడు నీలం మాయం కావాలి. మాయం కాలేదు సరికదా, మరింత స్ఫుటమైంది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన వాదించాడు. ఆ అన్వేషణ మార్గమే 1928 ఫిబ్రవరి 28 నాటి ఆవిష్కరణకు, 1930 నోబెల్ బహుమతికి దారితీసింది.

ఈ వృత్తాంతం మన పాఠ్యపుస్తకాల్లో, విజ్ఞాన దినోత్సవ ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. అయితే అక్కడ నౌక, సముద్రం, మేధావి, బహుమతి మిగులుతాయి. నికోల్ పట్టకం జారిపోతుంది. "ఆయనకు సందేహం కలిగింది, పరిశోధించి కనుగొన్నారు" అన్న వాక్యంలో ఎలా అన్నది లేదు. వృత్తాంతంలో ప్రాణప్రదమైన ఘట్టం లేకుండా మిగిలినది జీవిత చరిత్ర కావచ్చు గాని విజ్ఞాన రచన కాదు. మరొక విషయం కూడా లుప్తమవుతుంది. నీరు ఎర్రకాంతిని స్వయంగా శోషించుకోవడం సముద్రనీలిమలో ప్రధాన పాత్ర వహిస్తుందని నేటి అవగాహన. అంటే రామన్ రేలీని సవరించినట్లే, రామన్ వివరణకు కూడా తరువాత చేర్పు అవసరమైంది. దీనిని చెబితే రామన్ గౌరవానికి లోటు రాదు; శాస్త్రం నడిచే తీరు పాఠకునికి తెలుస్తుంది.

రామన్ స్వయంగా గొప్ప జనరంజక ఉపన్యాసకుడు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందన్న అంశంపై 1968 డిసెంబరులో అహమ్మదాబాదులో ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధం. వెన్నెల రాత్రి ఆకాశం నీలంగా ఎందుకు కనిపించదన్న ప్రశ్నను ఆయన అందులో లేవనెత్తారు. చంద్రకాంతి కూడా సూర్యకాంతే, గాలి కూడా అదే. చెదిరే కాంతి మందమైనప్పుడు కన్ను రంగును గ్రహించలేకపోవడమే కారణం. ఎనభై ఏళ్ళ వయసులో, తాను జీవితమంతా పనిచేసిన విషయంపై మాట్లాడుతూ ఆయన తన సమాధానానికి ఎదురు ప్రశ్నను తానే తెచ్చుకొన్నారు.

9. విమర్శకు కొన్ని ప్రశ్నలు:

పై పరిశీలన ఆధారంగా, ఈ ప్రక్రియకు చెందిన ఏ రచననైనా ఈ ప్రశ్నలతో సమీపించవచ్చు.

ఒకటి: పారిభాషిక పదాన్ని తీసివేసినా వివరణ మిగులుతుందా? మిగలకపోతే అక్కడ ఉన్నది ఉద్దేశం మాత్రమే.

రెండు: ఇచ్చిన కారణం ఈ దృగ్విషయాన్ని దానికి భిన్నమైన మరొక దానినుంచి వేరుచేస్తుందా? నీలాకాశాన్ని తెల్లమేఘంనుంచి, దూరపు గుడిని దగ్గరి గుడినుంచి వేరుచేయని వివరణ అసంపూర్ణం.

మూడు: ఉపమానం ఎంతవరకు పొసగుతుందో రచయిత చెప్పారా?

నాలుగు: పాఠకుడు తన కంటితో, తన ఊళ్ళో సరిచూసుకోగల పర్యవసానం ఒకటైనా ఉందా?

అయిదు: రచన తెలుగు మాటల స్వభావాన్ని గుర్తించిందా, లేక మరొక భాషలోని వివరణకు నీడగా నడిచిందా?

సరళతను ఈ పట్టికలో చేర్చకపోవడం బుద్ధిపూర్వకమే. సరళత వాంఛనీయం. కానీ అది వివరణకు ఉండవలసిన గుణం మాత్రమే; వివరణకు ప్రత్యామ్నాయం కాదు. స్పాంజి పోలిక సరళమే.

10. ముగింపు:

ప్రకృతి దృగ్విషయాల వివరణ జనరంజక విజ్ఞానంలో అతి సులభమైన విభాగమని ఒక అభిప్రాయం ఉంది. అందరూ చూసేదే కనుక రాయడం తేలిక అనుకొంటారు. అందరూ చూసేది కావడం వల్లనే ఇక్కడ రచయిత బాధ్యత పెరుగుతుంది. కృష్ణబిలం గురించి తప్పు చెబితే పాఠకుడు సరిచూడలేడు. మంచుబిందువు గురించి చెప్పినదాన్ని రేపు ఉదయమే సరిచూడగలడు. ఆ అవకాశాన్ని వాడుకోని రచన, పాఠకుని వినేవానిగానే ఉంచి, చూసేవానిగా ఎదగనివ్వదు.

తెలుగులో శాస్త్రం చెప్పగలమా అన్న చర్చ చాలాకాలంగా పదజాలం చుట్టూ తిరుగుతున్నది. పదాలు కావలసినన్ని ఉన్నాయి. ఆ పదాల వెనుక కారణాన్ని నిలిపే వాక్యాల సంగతి ఇంకా చర్చకు రావలసి ఉంది. వాక్యనిర్మాణం, ఉపమానౌచిత్యం, వాదక్రమం తెలుగు శాఖల అధ్యయన పరిధిలోనివే. భౌతికశాస్త్ర అధ్యాపకులతో కలిసి తెలుగు పరిశోధకులు ఈ వాఙ్మయాన్ని గ్రంథం వెంట గ్రంథంగా, వివరణ వెంట వివరణగా పరిశీలించడానికి తగినంత క్షేత్రం ఉంది. మహీధర నళినీమోహన్ "పిడుగు దేవర కథ" వంటి రచనలలో కథనం అనే చట్రం కారణాన్ని ఎంతవరకు మోయగలిగింది, వసంతరావు వేంకటరావు వంటి కవి-శాస్త్రాధ్యాపకుని వచనంలో కవిత్వం వివరణకు తోడ్పడిందా, అడ్డుపడిందా అన్నవి అటువంటి పరిశోధనకు తక్షణం చేపట్టదగిన అంశాలు.